చెరువు పక్క ఇల్లు: ముందు అడిగే ఊరు, తర్వాత కూల్చే ఊరు

(షామ్‌బర్గ్‌లో జరిగిన ప్రవాస తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

శనివారం పూట పిల్లల సాకర్, కూచిపూడి క్లాసులు, కాస్ట్‌కో పనులు పక్కన పెట్టి ఇంతమంది వచ్చినందుకు ముందుగా ధన్యవాదాలు. నేను రాజకీయ నాయకుణ్ణి కాను, పర్యావరణ శాస్త్రవేత్తను అంతకన్నా కాను. మీలో చాలామందిలాగే మాస్టర్స్ చేయడానికి వచ్చి, సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డవాణ్ణి. నిర్వాహకులు ఇరవై నిమిషాలు ఇచ్చారు. ఆ ఇరవై నిమిషాలూ ఒకే ప్రశ్న మీద ఖర్చు పెడతాను. చెరువు పక్కన, చిత్తడి నేల పక్కన ఇళ్ళు కట్టాలంటే ఎవరు ఎవరిని అడగాలి, ఎప్పుడు అడగాలి?

మనం కూర్చున్న ఈ ఊరినే తీసుకుందాం. షామ్‌బర్గ్ కాగితాల మీద ఇప్పటికీ ‘విలేజ్’. 2020 జనాభా లెక్కల్లో 78 వేల పైచిలుకు మంది ఉన్నారు, అయినా విలేజే! మన దగ్గరైతే ఈపాటికి మునిసిపాలిటీ చేసి, ఎన్నికలు వాయిదా వేసి, ప్రత్యేక అధికారి చేతిలో పెట్టేవాళ్ళు. 1956లో ఇది విలేజ్‌గా ఏర్పడినప్పుడు జనాభా 130. అంతా జర్మన్ రైతుల పొలాలు. వుడ్‌ఫీల్డ్ మాల్ 1971లో వచ్చింది. ఆ పొలాలకు ముందు ఇక్కడంతా గడ్డి మైదానాలూ చిత్తడి నేలలూ. ఇల్లినాయ్ రాష్ట్రం తన చిత్తడి నేలల్లో సుమారు 90 శాతం పోగొట్టుకుంది. కనుక అమెరికా వాళ్ళు పుట్టుకతోనే ప్రకృతి ప్రేమికులని ఎవరైనా అంటే నమ్మకండి. పోగొట్టుకున్నాక, ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాక నేర్చుకున్నారు.

1987 ఆగస్టు 13, 14 తేదీల్లో ఓహేర్ ఎయిర్‌పోర్టులో 9.35 అంగుళాల వాన పడింది. అంటే దాదాపు 24 సెంటీమీటర్లు. పడిన నీళ్ళు ఎక్కడికి పోవాలి? మన పక్కనుంచి పారే సాల్ట్ క్రీక్ లోకి. మనం వేసవిలో పిక్నిక్‌లు చేసుకునే బస్సీ వుడ్స్ చెరువు కూడా అందానికి కట్టింది కాదు, ఆ వాగు వరదను ఆపడానికి కట్టింది. ఈ 24 సెంటీమీటర్ల లెక్క గుర్తుంచుకోండి. 2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో పడ్డ వాన కూడా ఇంచుమించు అంతే. అంటే మేఘాలు రెండు ఊళ్ళనీ ఒకేలా చూశాయి. తేడా అంతా నేల మీద మనం చేసుకున్నదే.

ఇక్కడ పద్ధతి ఎలా ఉంటుందో చెప్తాను. ఇటువైపు ఒక శివారు పట్టణంలో, చిత్తడి నేల అంచున టౌన్‌హోమ్‌లు కడతామని ఒక బిల్డర్ దరఖాస్తు పెట్టాడు. ఆ హియరింగ్‌కు నేను వెళ్ళి చివరి దాకా కూర్చున్నాను. ఇలాంటి జోనింగ్ హియరింగ్‌కు కనీసం 15 రోజుల ముందు, 30 రోజులకు మించకుండా పత్రికలో నోటీసు వేయాలని ఇల్లినాయ్ చట్టం. మీటింగ్ అజెండా 48 గంటల ముందే అందరికీ కనబడేలా పెట్టాలి. స్థలం ముందు రోడ్డు మీద ఒక బోర్డు పాతారు. చుట్టుపక్కల ఇళ్ళకు ఉత్తరాలు వచ్చాయి. హియరింగ్ రోజున బిల్డర్, అతని ఇంజనీరు, అతని లాయరు ఒకవైపు. ఇంకోవైపు ఊరి జనం. ఒక రిటైర్డ్ ఆవిడ లేచి, ‘మా బేస్‌మెంట్లో ఇప్పటికే సంప్ పంపు ఆగకుండా తిరుగుతోంది. నలభై ఇళ్ళ కప్పుల మీద పడ్డ నీళ్ళు ఎటు పంపిస్తారు?’ అని అడిగింది. ఇంజనీరు ఏదో చెప్పబోయాడు. కమిషన్ సభ్యుడు ఆపి, ‘లెక్క కాగితం మీద పెట్టి వచ్చే నెల రండి’ అన్నాడు. అంతే, వాయిదా! ఎవరూ ఎవరి చొక్కా పట్టుకోలేదు, టీవీ వ్యాన్లు రాలేదు. నిజం చెప్పాలంటే చాలా బోరు కొట్టింది. ఆ బోరే ఆ ఊరిని కాపాడుతోందని నాకనిపించింది.

ఇంకో ముచ్చట. అక్కడ మాట్లాడటానికి సిటిజన్ అయి ఉండాలా, గ్రీన్ కార్డు ఉండాలా అని ఎవరూ అడగలేదు. ఎవరైనా సరే అధికారుల ముందు మాట్లాడవచ్చని ఇల్లినాయ్ బహిరంగ సమావేశాల చట్టం చెప్తోంది. హెచ్-1బి మీద ఉన్నా మాట్లాడొచ్చు. ఆ గదిలో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. మనం ఇంత పన్ను కడుతున్నాం, ఈ మీటింగులకు ఎందుకు వెళ్ళమో నాకు అర్థం కాదు.

చిత్తడి నేలను గుర్తించే పద్ధతి కూడా ఒక్కసారి వినండి, ఇది మనకు చాలా ముఖ్యం. మీరు వెళ్ళిన రోజు నేల ఎండిపోయి ఉన్నంత మాత్రాన అది చిత్తడి నేల కాకుండా పోదు. ఆర్మీ కోర్ వాళ్ళ 1987 మాన్యువల్ మూడు గుర్తులు చూడమంటుంది. ఒకటి మొక్కలు: జమ్ము లాంటి నీటి మొక్కలున్నాయా? రెండోది మట్టి: తవ్వి చూస్తే, ఎక్కువకాలం నీళ్ళలో నానిన మట్టి రంగు వేరుగా ఉంటుంది. మూడోది నీటి జాడలు. మన దగ్గర బ్రోకరు స్థలం చూపించేది ఎప్పుడు? మే నెలలో! చెరువు నెర్రెలు విచ్చి ఉన్నప్పుడు కారు తిన్నగా మధ్యలోకి తోలుకెళ్ళి, ‘ఇదేం చెరువు సార్, చూడండి, క్రికెట్ ఆడుకోవచ్చు’ అంటాడు. ఆ చెరువును అడిగితే సెప్టెంబర్‌లో రమ్మంటుంది.

అయితే ఇక్కడంతా స్వర్గమని చెప్పడానికి నేను రాలేదు. మనకు దగ్గర్లోనే, బార్ట్‌లెట్ వైపు, 533 ఎకరాల పాత కంకర గుంటల స్థలం మీద పెద్ద కేసు నడిచింది. ఉత్తర కుక్ కౌంటీ ఊళ్ళు కలిసి అక్కడ చెత్త డంపు పెట్టుకుందామనుకున్నాయి. 1960 ప్రాంతంలో తవ్వకం ఆపేసిన ఆ గుంటల్లో నీళ్ళు నిలిచి, చెట్లు పెరిగి, 121 రకాల పక్షులు చేరాయి. కోర్ వాళ్ళు అనుమతి ఇవ్వలేదు. వలస పక్షులు దిగే నీళ్ళు కాబట్టి ఫెడరల్ చట్టం వర్తిస్తుందన్నారు. 2001 జనవరిలో సుప్రీంకోర్టు 5-4 తేడాతో కాదంది. ఏ నదితోనూ సంబంధం లేని విడి గుంట ఆ చట్టం కిందికి రాదు పొమ్మంది. 2023 మే నెలలో ఐడహోలో ఇల్లు కట్టుకోబోయిన ఒక జంట కేసులో గీత ఇంకా కుదించింది. ఉపరితలం మీద నదితోనో సరస్సుతోనో నిరంతరంగా కలిసి కనబడాలట! భూమి లోపల కలిస్తే లెక్కలోకి రాదు. నీళ్ళకు ఈ తీర్పు ఎవరు చదివి వినిపిస్తారో మరి. అదృష్టం ఏమిటంటే, ఢిల్లీ వదిలేసింది హైదరాబాద్ పట్టుకున్నట్టు, ఇక్కడ వాషింగ్టన్ వదిలేసిన విడి చిత్తడి నేలలను కుక్ కౌంటీలో 2014 మే 1 నుంచి అమలైన వాటర్‌షెడ్ ఆర్డినెన్స్ కొంతవరకు పట్టుకుంది.

హియరింగులను మంచికే వాడతారన్న గ్యారంటీ కూడా లేదు. పక్కనున్న ఆర్లింగ్టన్ హైట్స్ చరిత్ర చదవండి. 1971లో అక్కడ 15 ఎకరాల్లో తక్కువ ఆదాయం వాళ్ళ కోసం 190 ఇళ్ళు కడతామంటే ఊరి బోర్డు జోనింగ్ మార్చడానికి ఒప్పుకోలేదు. 1970 లెక్కల ప్రకారం ఆ ఊళ్ళో 64 వేల మందిలో నల్లవాళ్ళు 27 మంది! 1977లో సుప్రీంకోర్టు, వివక్ష ఉద్దేశం రుజువు కాలేదని ఊరి వైపే తీర్పిచ్చింది. కనుక ‘కామన్ గుడ్’ అని లేచేవాళ్ళలో కొందరికి పక్కింటికి ఎవరొస్తారో అన్న భయం కూడా ఉంటుంది. మనలాంటి రంగువాళ్ళం అది మర్చిపోకూడదు. అయినా ఒకటి చూడండి. ఎవరు ఏమన్నారు, బోర్డు ఏ కారణం చెప్పింది అన్నది అంతా రికార్డులో ఉంది కాబట్టే ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళగలిగింది, ఈ రోజు నేను మీకు అంకెలతో చెప్పగలుగుతున్నాను. ఒప్పుకున్నా కాదన్నా కారణం రాయాలి. ఇటుక పడకముందే రాయాలి.

ఇప్పుడు మన ఊరికి వెళ్దాం.

మనవాళ్ళకు చెరువు గురించి అమెరికా వాళ్ళు నేర్పవలసిందేమీ లేదు. కట్ట, తూము, అలుగు, శిఖం అని ప్రతిదానికీ మాటలున్న జాతి మనది. ఈ రోజు అందరం ఎఫ్‌టీఎల్, ఎఫ్‌టీఎల్ అంటున్నాం. చెరువు నిండి అలుగు పారే మట్టానికి నీళ్ళు ఎంతవరకు పరుచుకుంటాయో అదే ఎఫ్‌టీఎల్. పల్లెలో ముసలాయన కర్రతో గీత గీసి చూపించేవాడు. ఒక చెరువు అలుగు పారితే కింద చెరువు నిండాలి, అది నిండితే దాని కిందది. గొలుసుకట్టు. మధ్యలో ఒక్క లింకు మీద వెంచర్ వేస్తే ఏమవుతుందో 2020 అక్టోబర్ 13 రాత్రి చూశాం. ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్ల వాన. అప్ప చెరువు కట్ట తెగింది. తెల్లారేసరికి మన వాట్సాప్ గ్రూపుల్లో కార్లు తేలుతున్న వీడియోలు.

మరి చట్టాలు లేవా? ఉన్నాయి, కావలసినన్ని. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు వదలాలి. అంతకుముందే, 1996 మార్చి 8న వచ్చిన జీవో 111 ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, కాలనీలు వద్దంది. ఆ రెండూ 1908 మూసీ వరద తర్వాత కట్టుకున్నవి. పెద్ద షాపూర్ దగ్గర నూనె ఫ్యాక్టరీ కేసులో ప్రభుత్వమే ఆ కంపెనీకి మినహాయింపు ఇస్తే, సుప్రీంకోర్టు 1999లో, మళ్ళీ 2000లో కుదరదంది. హాని లేదని నిరూపించవలసిన బాధ్యత కట్టేవాడిదే అంది. 1999 తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఎం. జగన్నాధరావు. దేశమంతా లా కాలేజీల్లో చదువుకునే తీర్పు. అలాంటి ఆంక్షలను 2022 ఏప్రిల్‌లో జీవో 69తో తీసేస్తున్నామన్నారు. జీవో అంటే సచివాలయంలో ఒక సంతకం. దానికి నోటీసు బోర్డు పాతనక్కర్లేదు, బేస్‌మెంట్ ఆవిడను పిలవనక్కర్లేదు.

నేను అన్నిటికంటే ముఖ్యంగా చెప్పాలనుకున్న విషయం ఇప్పుడు చెప్తున్నాను. దయచేసి ఫోన్లు కాసేపు పక్కన పెట్టండి. 2006 సెప్టెంబర్‌లో కేంద్రం పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ తెచ్చింది. సిమెంటు ఫ్యాక్టరీ పెడితే, గని తవ్వితే సాధారణంగా పబ్లిక్ హియరింగ్ జరపాలి. భవన నిర్మాణాలు 20 వేల చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి తీసుకోవాలి. కానీ భవనాలు, టౌన్‌షిప్పులు అన్నిటికీ ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు! అంటే చెరువు పక్కన ముప్పై అంతస్తుల టవర్లు పది లేపినా, కింద ఊరివాళ్ళను కూర్చోబెట్టి అడిగే మెట్టు చట్టంలోనే తీసేశారు. ఎవరో లంచం తిని తప్పించలేదు. రూలులోనే లేదు.

రెండో రూలు 2017 నాటి చిత్తడి నేలల నియమాలు. అందులో చిత్తడి నేల అంటే ఏమిటో నిర్వచించి, ఏవి కావో కూడా చెప్పారు. సాగునీటి కోసం కట్టినవి కావు, తాగునీటి కోసం మనుషులు కట్టినవి కావు. ఇంక తెలంగాణలో మిగిలేది ఏమిటండీ? కాకతీయుల నుంచి నిజాం దాకా తవ్వించిన చెరువులన్నీ సాగుకో తాగడానికో కట్టినవే కదా! బార్ట్‌లెట్ కంకర గుంటకు వాషింగ్టన్‌లో ఏం జరిగిందో, మన ఊరి చెరువుకు ఢిల్లీలో అదే జరిగింది. నీళ్ళు ఉన్నాయి, పక్షులు ఉన్నాయి, నిర్వచనంలో మాత్రం లేవు.

ఇక అనుమతుల వేగం. 2020లో తెచ్చిన చట్టం ప్రకారం పెద్ద భవనాలకు 21 రోజుల్లో అనుమతి, లేకపోతే ఇచ్చినట్టే లెక్క. ఆఫీసుల చుట్టూ తిప్పించుకోవడం తగ్గితే నాకూ సంతోషమే. కానీ ఆ 21 రోజుల్లో చెరువు కింది ఊరిని అడగడానికి ఒక్క రోజు లేదు. పైగా ఏ గీత చూసి అనుమతి ఇస్తారు? హైదరాబాద్ మహానగర పరిధిలో చెరువుల హద్దులు తేల్చడానికి 2010లో కమిటీ వేశారు. 2024 నాటికీ చాలా చెరువులకు తుది నోటిఫికేషన్ లేదు. స్పెసిఫికేషన్ ఫైనల్ కాకుండా ప్రొడక్షన్‌లోకి కోడ్ తోసేస్తే ఏమవుతుందో ఈ హాల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

అడగవలసినప్పుడు అడగకపోతే, ఆ ప్రశ్న బుల్డోజర్ రూపంలో వస్తుంది. 2024 జూలైలో హైడ్రా ఏర్పడింది. ఆగస్టు 24న తమ్మిడికుంట దగ్గర ఎన్ కన్వెన్షన్ కూల్చేశారు. ఆక్రమణ లేదని యజమాని అన్నారు, హైకోర్టు ఆపమంది, అప్పటికే పని అయిపోయింది. మన గ్రూపుల్లో చప్పట్లు మోగాయి. పెద్దవాళ్ళవి కూలితే మనకు సరదాగానే ఉంటుంది. తర్వాత మధ్యతరగతి ఇళ్ళ మీదికి వచ్చేసరికి చప్పట్లు ఆగిపోయాయి. హైడ్రాను నేను పూర్తిగా తప్పుపట్టను. అంబర్‌పేటలో పూడిపోయిన బతుకమ్మ కుంటను మళ్ళీ నీళ్ళతో నింపింది వాళ్ళే, 2025లో. కానీ ఇది రివ్యూ కాదు, పోస్ట్‌మార్టమ్.

నాకు బాగా తెలిసిన ఒకాయన, పేరు వద్దు, ఇక్కడ పదేళ్ళు దాచిన డబ్బుతో అమ్మానాన్నల కోసం అక్కడ ఇల్లు కొన్నారు. లేఅవుట్ అనుమతి కాగితం చూశారు. బ్యాంకు లాయరు చూసి లోను ఇచ్చాడు. రిజిస్ట్రేషన్ అయింది, కరెంటు మీటరు వచ్చింది, ఆస్తిపన్ను కట్టారు. ప్రతి చోటా ఫీజు తీసుకున్నారు, ప్రతి చోటా ముద్ర వేశారు. తర్వాత ఒక రోజు గోడ మీద ‘బఫర్’ అని ఎర్ర రంగుతో మార్కు. డెబ్బై ఏళ్ళ తండ్రి ఆ అక్షరాల కిందే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు, ఎవరైనా వస్తే కాగితాలు చూపించడానికి. ముద్ర వేసినవాళ్ళలో ఒక్కరి ఇంటి గోడకూ రంగు పడలేదు.

కోర్టు కాపాడుతుందిలే అనుకునేవారికి ఒక మాట. 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు బుల్డోజర్ కూల్చివేతల మీద మార్గదర్శకాలిచ్చింది, కనీసం 15 రోజుల నోటీసు ఉండాలంది. మంచి తీర్పు. కానీ రోడ్లు, రైల్వే లైన్ల పక్కన, నదులు, నీటి వనరుల్లో ఉన్న అనధికార కట్టడాలకు ఆ రక్షణ వర్తించదని అందులోనే ఉంది. మీ గోడ మీద రంగు పడిన రోజున, అది చెరువా కాదా అన్న ఆ పాత ప్రశ్నే మళ్ళీ మీ ముందుకొస్తుంది.

ఆంధ్ర మిత్రులు ఇది హైదరాబాద్ గొడవ అనుకోనక్కర్లేదు. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరాక కూడా చేపల చెరువులు తవ్వనిచ్చి, 2006లో గట్లు పేల్చారు. ఉండవల్లిలో కృష్ణ ఒడ్డున ఒక ప్రభుత్వం ప్రజావేదిక కట్టింది, 2019 జూన్‌లో ఇంకో ప్రభుత్వం కూల్చింది. కట్టిన డబ్బూ మనదే, కూల్చిన డబ్బూ మనదే.

మనమేం చేయాలి అంటారా? ముందు మన పర్సు సంగతి. ప్రతి ఏడాదీ ఈ చుట్టుపక్కల హోటళ్ళలో ప్రాపర్టీ షోలు జరుగుతాయి. బిర్యానీ పెడతారు, బ్రోచర్ మీద ‘లేక్ వ్యూ’ అని రాస్తారు. ఆ స్టాల్ దగ్గర నిలబడి మూడు ప్రశ్నలు అడగండి: ఆ లేక్ పేరేమిటి, దానికి తుది నోటిఫికేషన్ వచ్చిందా, ఎఫ్‌టీఎల్ మ్యాప్ మీద ఈ సర్వే నంబర్ ఎక్కడుంది? సమాధానం చెప్పలేకపోతే బిర్యానీ తినేసి వచ్చేయండి, చెక్కు మాత్రం రాయకండి. డాలర్లు ఆగితే వెంచర్లు ఆగుతాయి. ఎన్నారై కొనుగోలుదారు మాటకు అక్కడ ఓటరు మాట కంటే ఎక్కువ విలువ ఉండటం సిగ్గుచేటే, కానీ ఉన్నంతకాలం వాడుకుందాం.

రెండోది ప్రభుత్వాలకు మనం పెట్టే డిమాండు. చెరువు బఫర్‌కు దగ్గర్లో వచ్చే ప్రతి పెద్ద నివాస ప్రాజెక్టుకు, అనుమతికి ముందే, తెలుగులో నోటీసు, ఆ స్థలంలోనే బోర్డు, కింది ఊరివాళ్ళతో బహిరంగ విచారణ, రాతపూర్వక కారణాలు ఉండాలి. కేంద్రం మినహాయింపు ఎత్తేసే దాకా ఆగనక్కర్లేదు, రాష్ట్రం తన భవన నియమాల్లో ఈ మెట్టు పెట్టుకోవచ్చు. ఇళ్ళు వద్దనడం లేదు. పేదవాడికి ఇల్లు కావాలి, మనకూ కావాలి. ఎక్కడ కట్టాలో ముందే తేల్చమంటున్నాం. అనుమతి ఇచ్చిన అధికారి పేరు ఆ కాగితం మీద శాశ్వతంగా ఉండాలంటున్నాం.

ఈ డిమాండు ముసాయిదా తెలుగులో తయారుచేశాం, వెనక టేబుల్ మీద ఉంది. చదివి, నచ్చకపోతే పెన్ను తీసి దిద్దండి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు పది మంది కావాలి, ఒక్కొక్కరు మీ సొంత ఊరి చెరువు ఒకటి ఎంచుకుని, దాని తుది నోటిఫికేషన్, మ్యాప్ ఇవ్వమని సమాచార హక్కు దరఖాస్తు వేయడానికి. దరఖాస్తు నమూనా ఇస్తాం, ఫీజు నేను కడతాను. అక్కడ ప్లాట్లు ఉన్నవాళ్ళు మీ సర్వే నంబరు రాసి తెచ్చుకుంటే, టీ విరామంలో నా ల్యాప్‌టాప్‌లో మ్యాప్ పక్కన పెట్టి చూద్దాం. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి, మైకు అటు ఇస్తున్నాను.